బాయికాడి బోర్డును నిద్రపుచ్చేటప్పుడు ఇంటరప్టును ఎలా మూయాలి, ఎలా తెరవాలి

దేవరకొండ దిక్కు గానీ అచ్చంపేట దిక్కు గానీ, బోరు మోటరు దగ్గర చిన్న లినక్స్ బోర్డు పెట్టిన ప్రతి ఒక్కరికీ రెండే తిప్పలు. మేల్కొలిపి ఉంచితే బ్యాటరీ నిలవదు, నిద్రపుచ్చితే లేవదు. బోర్డు 250 మిల్లీఆంపియర్లు లాగుతుందనుకోండి, 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ 28 గంటల్లో ఖాళీ. అదే నిద్రలో 15 మిల్లీఆంపియర్లకు దిగితే లెక్క ప్రకారం 19 రోజులు వస్తుంది. కాబట్టి నిద్ర తప్పదు. లేవకపోవడానికీ, లేచి పిచ్చిపట్టినట్టు ప్రవర్తించడానికీ చాలాసార్లు కారణం ఒకటే: ఇంటరప్టును (ఏదో మారిందని ప్రాసెసరును తట్టే సంకేతం) తప్పు వరుసలో మూయడం, తప్పు వరుసలో తెరవడం.

ఫంక్షన్ల పేర్లు, ఫైళ్ల దారులు ఇక్కడ పలికే తీరులో తెలుగులో ఉన్నాయి. కోడులో మాత్రం మామూలు స్పెల్లింగే రాయండి. డ్రైవర్ (ఒక చిప్పును నడిపే కెర్నెల్ కోడు) రాయడం కొంత తెలిసినవాళ్ల కోసం ఇది. ఒక తలుపు స్విచ్చు మాత్రమే చూడాలంటే డ్రైవర్ జోలికే పోవద్దు. కెర్నెల్‌లో (లినక్స్ గుండెకాయ) ఉన్న జీపీఐఓ-కీస్ డ్రైవరుకు డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏముందో కెర్నెల్‌కు చెప్పే ఫైలు) నాలుగు లైన్లు రాస్తే సరిపోతుంది, సస్పెండ్ (నిద్రపుచ్చడం) సంగతి అదే చూసుకుంటుంది.

ముందు డబ్బాలోని తీగలు

2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. కరెంటు వచ్చే వేళకు కాపలా కాయడం బోర్డు పని కాదిప్పుడు. ఒక ఫేజు పోయిందా, మోటరు నడుస్తోందా, నీళ్లు పోస్తోందా, డబ్బా తలుపు ఎవరైనా తీశారా అన్నవి తెలిస్తే చాలు. ఈ నాలుగింటినీ ఎంసీపీ23017 అనే ఐ2సి (చిప్పులు మాట్లాడుకునే రెండు తీగల బస్సు) చిప్పు మొదటి పోర్టుకు ఇలా కలపండి: 0వ పిన్నుకు సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఫేజు పోతే మోటరును ఆపేది) కాంటాక్టు, 1వ పిన్నుకు కాంటాక్టర్ (మోటరును వేసి ఆపే పెద్ద స్విచ్చు) ఆక్సిలరీ కాంటాక్టు, 2వ పిన్నుకు నీటి మీటరు రీడ్ స్విచ్చు, 3వ పిన్నుకు తలుపు స్విచ్చు. చిప్పు ఇంటరప్టు పిన్నును ఓపెన్ డ్రెయిన్‌గా (కిందికి మాత్రమే లాగే రకం) పెట్టి, 10 కిలోఓముల పుల్-అప్‌తో (పైకి లాగే రెసిస్టరు) 3.3 వోల్టులకు కట్టి, బోర్డు జీపీఐఓకు (మామూలు ఇన్‌పుట్ పిన్ను) ఇవ్వండి. ఆ జీపీఐఓ నిద్రలో కూడా ప్రాణంతో ఉండే గుంపులోది కావాలి. ప్రతి ప్రాసెసరులోనూ అన్ని పిన్నులూ మేల్కొలపలేవు. ఇది మాన్యువల్‌లో చూడకుండా బోర్డు గీయించుకుంటే తర్వాత ఏ కోడూ కాపాడదు.

ప్రివెంటర్ లేదని కొందరు ఫేజుకు నేరుగా ఆప్టోకప్లర్ (కాంతితో సిగ్నల్ దాటించే చిప్పు) పెడతారు. అక్కడే మొదటి గుంత. కరెంటు 50 హెర్ట్జులు గనుక ఆప్టో బయటి వైపు సెకనుకు 50 సార్లు కిందికి దిగి, 50 సార్లు పైకి లేస్తుంది. అంటే ఒక్క ఫేజుకే సెకనుకు 100 ఇంటరప్టులు, మూడు ఫేజులకు 300. ఫేజు బాగున్నంతసేపూ బోర్డుకు కునుకు పట్టదు. డ్రైవర్‌ను తిట్టుకుంటూ వారం గడిచిపోతుంది గానీ, తప్పు తీగల్లో ఉంటుంది. ఆప్టో పెట్టక తప్పకపోతే బయటి వైపు 10 కిలోఓముల పుల్-అప్, 10 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ వేయండి. రెండూ కలిస్తే కాలస్థిరాంకం 100 మిల్లీసెకన్లు. ఆప్టో మూసుకుని ఉండే 12 మిల్లీసెకన్లలో వోల్టేజి 0.37 వరకే ఎక్కుతుంది. చిప్పు సున్నాగా లెక్కగట్టే హద్దు 0.66 వోల్టులు, అంటే 3.3లో ఐదో వంతు. దానికి కిందే ఉంది కాబట్టి అలజడి ఉండదు. ఫేజు నిజంగా పోతే 160 మిల్లీసెకన్లలో 2.64 దాటి ఒకటి అవుతుంది. బోరుకు ఆ ఆలస్యం లెక్కలోది కాదు. సిగ్నల్ తీగలను మోటరు కేబుల్‌తో కలిపి ఒకే పైపులో వేయొద్దని వేరే చెప్పాలా?

మూడు తలుపులు

ఇంటరప్టును మూయడాన్ని మాస్కింగ్ అని ఒకే మాటతో పిలుస్తాం గానీ, ఇంటరప్టు దారిలో మూడు తలుపులున్నాయి. మొదటిది చిప్పులోనే ఉంది: జీపీఇంటెన్ రిజిస్టరు (చిప్పు లోపలి చిన్న మెమరీ గడి). ఏ పిన్ను మారితే అరవాలో అది చెబుతుంది. రెండోది ప్రాసెసరు ఇంటరప్టు కంట్రోలరులోని మాస్కు బిట్టు. మూడోది కెర్నెల్ లెక్క: డిజేబుల్_ఐఆర్‌క్యూ పిలిచినప్పుడల్లా ఒకటి పెరిగి, ఎనేబుల్_ఐఆర్‌క్యూ పిలిచినప్పుడల్లా ఒకటి తగ్గే డెప్త్ కౌంటరు.

చాలామంది పొరబడేది రెండు, మూడు తలుపుల మధ్య. డిజేబుల్_ఐఆర్‌క్యూ పిలవగానే హార్డ్‌వేర్ మాస్కు పడిపోతుందనుకుంటారు. సాధారణంగా పడదు. కెర్నెల్ బద్ధకంగా మూస్తుంది: ముందు కౌంటరు మాత్రమే పెంచుతుంది. ఆ తర్వాత నిజంగా ఇంటరప్టు వస్తే హ్యాండ్లర్‌ను (ఇంటరప్టు వస్తే నడిచే ఫంక్షన్) పిలవకుండా 'ఒకటి వచ్చింది' అని పెండింగ్ గుర్తు పెట్టుకుని, అప్పుడు లైనును మాస్క్ చేస్తుంది. డిజేబుల్ చేసిన లైను కూడా బోర్డును లేపగలుగుతోందంటే ఈ బద్ధకం వల్లనే. అయితే తన సొంత డిజేబుల్ ఫంక్షన్ ఇచ్చిన ఇంటరప్టు కంట్రోలర్ డ్రైవర్లు వెంటనే మాస్క్ చేస్తాయి. అలాంటి చోట డిజేబుల్ చేసిన లైను లేపాలంటే ఆ కంట్రోలర్ డ్రైవరులో ఐఆర్‌క్యూచిప్_ఎనేబుల్_వేకప్_ఆన్_సస్పెండ్ ఫ్లాగు ఉండాలి. ఒకే కోడు ఒక బోర్డులో లేచి, ఇంకో బోర్డులో లేవకపోతే ముందు చూడాల్సింది ఇదే.

కెర్నెల్ తన వంతుగా అన్ని డివైసుల ఇంటరప్టులనూ తానే మూస్తుంది, అయితే ఆలస్యంగా. వరుస ఇది: అన్ని డ్రైవర్ల సస్పెండ్, తర్వాత సస్పెండ్_లేట్, అప్పుడు సస్పెండ్_డివైస్_ఐఆర్‌క్యూస్, చివర సస్పెండ్_నోఐఆర్‌క్యూ. లేచేటప్పుడు దీనికి అద్దంలో బొమ్మ. మరి కెర్నెలే మూస్తుంటే మనమెందుకు మూయాలి? ఐ2సి వల్ల. మీ సస్పెండ్ అయిపోయాక ఐ2సి కంట్రోలర్ కూడా పడుకుంటుంది. కెర్నెల్ లైను మూసేలోపు ఒక ఇంటరప్టు వస్తే, మీ హ్యాండ్లర్ థ్రెడ్ పడుకున్న ఐ2సి బస్సు మీద రిజిస్టరు చదవబోతుంది. 'ట్రాన్స్‌ఫర్ వైల్ సస్పెండెడ్' అన్న హెచ్చరిక లాగ్‌లో కనిపిస్తుంది. లేచేటప్పుడూ అదే గండం: కెర్నెల్ ఇంటరప్టులను నోఐఆర్‌క్యూ దశ కాగానే తెరిచేస్తుంది, ఐ2సి కంట్రోలర్ మాత్రం ఇంకా కళ్లు తెరవకపోవచ్చు. చదవలేకపోతే చిప్పు లైనును వదలదు. లైను కిందే ఉంటే ఇంటరప్టు మళ్లీ వస్తుంది, మళ్లీ చదవబోతుంది, మళ్లీ విఫలం. లక్ష ఇంటరప్టుల్లో 99,900 కంటే ఎక్కువ ఎవరికీ పట్టకపోతే కెర్నెల్ 'నోబడీ కేర్డ్' అని రాసి ఆ లైనును శాశ్వతంగా మూసేస్తుంది. ఇక ఆ డబ్బాకు రీబూటే మందు.

ప్రోబ్‌లో (డ్రైవర్ మొదలయ్యేటప్పుడు) చేయాల్సింది

డివైస్ ట్రీలో లైనును లెవెల్-లో రకంగా (లైను కింద ఉన్నంతసేపూ తట్టేది) రాయండి, వేకప్-సోర్స్ అన్న గుణం చేర్చండి. ఎడ్జ్ (లైను మారిన క్షణంలో మాత్రమే తట్టేది) వద్దు. ఎంసీపీ23017 తన పిన్నును మీరు ఇంట్‌క్యాప్ (ఇంటరప్టు వచ్చినప్పటి పిన్నుల స్థితి) గానీ జీపీఐఓ (పిన్నుల ఇప్పటి స్థితి) గానీ, ఏదో ఒక రిజిస్టరు చదివేదాకా కిందే పట్టుకుంటుంది. లైను తెరిచే వేళకే అది కింద ఉంటే కొత్త ఎడ్జ్ ఎప్పటికీ రాదు, డబ్బా మూగబోతుంది. లెవెల్‌తో తప్పు చేస్తే కనీసం లాగ్ నిండా గోల ఉంటుంది. ఎడ్జ్‌తో తప్పు చేస్తే ఏమీ కనిపించదు.

ముందు జీపీఇంటెన్‌కు సున్నా రాసి, ఇంట్‌క్యాప్ ఒకసారి చదివి పాత బాకీ తీర్చి, అప్పుడు రిక్వెస్ట్_థ్రెడెడ్_ఐఆర్‌క్యూ పిలవండి. మొదటి హ్యాండ్లర్‌కు నల్, ఫ్లాగు ఐఆర్‌క్యూఎఫ్_వన్‌షాట్ (థ్రెడ్ ముగిసేదాకా లైనును మూసి ఉంచేది). వన్‌షాట్ మరిచిపోతే కెర్నెల్ ఆ పిలుపునే తిప్పికొడుతుంది. అది కుదిరాక జీపీఇంటెన్‌కు హెక్స్ 0ఎఫ్, అంటే నాలుగు పిన్నులూ.

థ్రెడ్ ఫంక్షన్‌లో ముందు ఇంట్‌ఎఫ్ (ఏ పిన్ను అరిచిందో చెప్పే రిజిస్టరు) చదవండి, తర్వాతే ఇంట్‌క్యాప్. తారుమారు చేస్తే ఏ పిన్ను అరిచిందో చెరిగిపోతుంది. 0వ లేదా 3వ బిట్టు ఉంటే పీఎం_వేకప్_ఈవెంట్‌కు 2000 మిల్లీసెకన్లు ఇవ్వండి, లేకపోతే మెసేజ్ పోకముందే బోర్డు మళ్లీ పడుకుంటుంది. ఈ థ్రెడ్ లోపలి నుంచి తన సొంత లైనుకు డిజేబుల్_ఐఆర్‌క్యూ పిలవకండి. ఆ ఫంక్షన్ నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేదాకా ఆగుతుంది. ఆ హ్యాండ్లర్ మీరే. అక్కడ అవసరమైతే చివర నోసింక్ ఉన్న రకం వాడాలి.

సస్పెండ్: మూసే వరుస

1. డిజేబుల్_ఐఆర్‌క్యూ. ఇది ఆగి, నడుస్తున్న థ్రెడ్ ముగిశాకే తిరిగొస్తుంది. ఆ ఆగడమే మనకు కావాల్సింది.

2. డిబౌన్స్ (స్విచ్చు అదురును వడకట్టడం) కోసం పెట్టుకున్న డిలేడ్ వర్క్‌ను (కాసేపాగి నడిచే పని) క్యాన్సిల్_డిలేడ్_వర్క్_సింక్‌తో ఆపండి. ఇది మొదటి అడుగు తర్వాతే. ముందే ఆపితే థ్రెడ్ వచ్చి దాన్ని మళ్లీ క్యూలో పెడుతుంది. ఆ వర్క్ ఐ2సి పడుకున్నాక నడుస్తుంది.

3. జీపీఇంటెన్‌కు హెక్స్ 09 రాయండి. 0, 3 పిన్నులు మాత్రమే మిగిలాయి. నీటి మీటరు పిన్నును వదిలేస్తే పైపులో గాలి కదిలినా రీడ్ స్విచ్చు టిక్కుమని బోర్డును లేపుతుంది. వేకప్‌కు వాడుకరి అనుమతి లేకపోతే, అంటే డివైస్_మే_వేకప్ కాదంటే, 09 బదులు సున్నా రాసి 5వ అడుగు వదిలేయండి.

4. ఇంట్‌ఎఫ్ చదవండి. 0 లేదా 3 బిట్టు వెలిగి ఉంటే మీరు తలుపు మూస్తుండగానే ఎవరో వచ్చారన్నమాట. ఇంట్‌క్యాప్ ముట్టుకోకుండా, జీపీఇంటెన్‌ను 0ఎఫ్‌కు తిప్పి, ఎనేబుల్_ఐఆర్‌క్యూ పిలిచి, మైనస్ ఈబిజీ ('పనిలో ఉన్నా' అన్న ఎర్రర్) తిరిగివ్వండి. మొత్తం సస్పెండ్ ఆగిపోతుంది, మీ థ్రెడ్ ఆ ఇంటరప్టును మామూలుగా అందుకుంటుంది. ఆ బిట్టులు లేకపోతే ఇంట్‌క్యాప్ చదివి లైనును పైకి వదలండి.

5. ఎనేబుల్_ఐఆర్‌క్యూ_వేక్. అది తిరిగిచ్చే విలువను కచ్చితంగా చూడండి. కంట్రోలర్‌కు మేల్కొలిపే శక్తి లేకపోతే మైనస్ ఈఎన్ఎక్స్ఐఓ వస్తుంది. పట్టించుకోకపోతే బోర్డు హాయిగా పడుకుంటుంది, మళ్లీ లేవదు.

వేకప్-సోర్స్ రాసిన ఐ2సి డివైసుకు కెర్నెల్ తానే ఈ 5వ అడుగు వేస్తుంది, నిజమే. అయితే అది ఆ తిరుగు విలువను చూడదు. కొత్త బోర్డు మీద మీరే పిలిచి చూసుకోవడం మేలు. రెండుసార్లు పిలిచినా లెక్క రెండు అవుతుందంతే, లేచేటప్పుడు ఎవరిది వారు తగ్గిస్తే సరి.

ఏ అడుగులో ఎర్రర్ వచ్చినా, చేసినవన్నీ మీరే వెనక్కి తిప్పాలి. సస్పెండ్ విఫలమైన డివైసుకు కెర్నెల్ రెజ్యూమ్ (లేచేటప్పటి ఫంక్షన్) పిలవదు. ఇది తెలియక డెప్త్ ఒకటి దగ్గర వదిలేసిన డ్రైవర్లు ఎన్నో. మొదటి వైఫల్యం దాకా అంతా బాగుంటుంది, ఆ తర్వాత ఇంటరప్టు రాదు.

4వ అడుగు తర్వాత, కెర్నెల్ లైనును వేకప్‌కు సిద్ధం చేసేలోపు ఒక సన్నని సందు ఇంకా మిగిలే ఉంది. అప్పుడు తలుపు తీస్తే లైను పెండింగ్ అయి మాస్క్ పడుతుంది, హ్యాండ్లర్ నడవదు. కొన్ని ప్రాసెసర్ల మేల్కొలుపు సర్క్యూట్ మాస్కుతో పని లేకుండా లైను కింద ఉందా అనే చూస్తుంది కాబట్టి మెమ్ (లోతు) నిద్రలో వెంటనే లేస్తాయి. ఫ్రీజ్ (తేలిక) నిద్రలో మాత్రం ఆ సంఘటన లేచేదాకా అలాగే పడి ఉంటుంది. అందుకని గంటకోసారి ఆర్‌టీసీ (బోర్డు గడియారం) అలారంతో బోర్డును లేపండి. పెండింగ్ ఎక్కడికీ పోదు, గంట ఆలస్యంగానైనా అందుతుంది.

రెజ్యూమ్: తెరిచే వరుస

డిజేబుల్_ఐఆర్‌క్యూ_వేక్ మొదట, ఎనేబుల్_ఐఆర్‌క్యూ చిట్టచివర. మధ్యలో రిజిస్టర్ల పని. సస్పెండ్‌లో వేక్ పెట్టారా లేదా అన్నది ఒక బూలియన్‌లో దాచుకుని దాన్ని బట్టే తీయండి. డివైస్_మే_వేకప్‌ను మళ్లీ అడిగితే మధ్యలో దాని విలువ మారి లెక్క తప్పవచ్చు.

రిజిస్టర్లు చెరిగిపోలేదని నమ్మొద్దు. మోటరు స్టార్టయ్యే క్షణంలో వోల్టేజి కుంగి చిప్పు రీసెట్ అయితే జీపీఇంటెన్ సున్నా అవుతుంది, పిన్ను రకం కూడా పోతుంది. ముందు ఐఓకాన్ (పిన్ను రకం దాచే రిజిస్టరు) రాయండి, తర్వాత జీపీఇంటెన్ 0ఎఫ్. రెగ్‌మ్యాప్ (రిజిస్టర్ల విలువలు గుర్తుపెట్టుకునే కెర్నెల్ సదుపాయం) వాడుతుంటే రెగ్‌క్యాష్_మార్క్_డర్టీ, ఆ వెంటనే రెగ్‌క్యాష్_సింక్ చాలు. అయితే సింక్ రిజిస్టర్లను అంకెల వరుసలో రాస్తుంది, ఐఓకాన్ కంటే జీపీఇంటెన్ ముందు పడుతుంది. లైను ఇంకా మూసే ఉంది కాబట్టి నష్టం లేదు. ఎనేబుల్‌ను చివర పెట్టడానికి ఇదింకో కారణం.

ఇక్కడ ఇంట్‌క్యాప్‌ను గానీ జీపీఐఓను గానీ చదవాలన్న కోరిక ఆపుకోండి. చదివితే లైను పైకి పోతుంది, ఎవరు లేపారన్న సమాచారం మీ చేతిలోనే కారిపోతుంది, థ్రెడ్ నడిచినా ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. ఎనేబుల్_ఐఆర్‌క్యూ పిలవగానే లెవెల్ లైను తానే మళ్లీ తడుతుంది, థ్రెడ్ చూసుకుంటుంది. నిద్రలో వదిలేసిన 1వ పిన్ను సంగతి తెలుసుకోవడానికి 200 మిల్లీసెకన్ల తర్వాత నడిచే ఒక వర్క్ పెట్టి, అందులో ఇంట్‌ఎఫ్, ఇంట్‌క్యాప్, జీపీఐఓ వరుసగా చదివించండి. థ్రెడ్‌కూ ఈ వర్క్‌కూ ఒకే మ్యూటెక్స్ (ఒకసారికి ఒకరినే లోపలికి వదిలే తాళం) ఉండాలి.

ఐఆర్‌క్యూఎఫ్_నో_సస్పెండ్ ఫ్లాగు పెడితే సమస్య తీరిందని చెప్పేవాళ్లుంటారు. వినకండి. అది టైమర్ల లాంటి వాటి కోసం. లైనును నిద్ర పొడుగునా తెరిచి ఉంచుతుంది గానీ బోర్డును లేపుతానని మాట ఇవ్వదు. పైగా ఐ2సి పడుకున్న వేళ మీ థ్రెడ్ నడుస్తుంది. మనం ఇంతసేపు తప్పించుకున్న గండాన్నే కొని తెచ్చుకున్నట్టు.

పరీక్ష

బల్ల మీద ముందు. /సిస్/పవర్/పీఎం_టెస్ట్ ఫైలులో డివైసెస్ అని రాసి, /సిస్/పవర్/స్టేట్‌కు మెమ్ రాయండి. మీ సస్పెండ్ నడిచి, 5 సెకన్లు ఆగి, రెజ్యూమ్ నడుస్తుంది. ఈ స్థాయిలో కెర్నెల్ ఇంటరప్టులను మూయదు. ఆ దశ కూడా కావాలంటే ప్లాట్‌ఫామ్ అని రాయండి. డివైసెస్‌లో బాగుండి ప్లాట్‌ఫామ్‌లో పడిపోతే తప్పు లేట్ లేదా నోఐఆర్‌క్యూ దశల్లో ఉందని తేలుతుంది. ఆ తర్వాత నన్ అని రాసి నిజం నిద్ర: ఆర్‌టీసీవేక్‌తో 30 సెకన్లు. బూట్ లైనులో నో_కన్సోల్_సస్పెండ్ పెట్టకపోతే చివరి మాటలు మీకు వినపడవు.

ప్రతిసారీ మూడు చూడండి. /ప్రాక్/ఇంటరప్ట్స్‌లో మీ లైను అంకె: ఒక్కసారి తలుపు తీస్తే ఒకటో రెండో పెరగాలి గానీ వేలు కాదు. /సిస్/పవర్/పీఎం_వేకప్_ఐఆర్‌క్యూలో మీ లైను నంబరే ఉండాలి. లాగ్‌లో 'అన్‌బ్యాలెన్స్‌డ్' అన్న మాట ఎక్కడా ఉండొద్దు. ఎనేబుల్ గురించి ఉంటే కౌంటరు, వేక్ డిజేబుల్ గురించి ఉంటే 5వ అడుగు లెక్క తప్పింది.

అసలు పరీక్ష నిద్రలోకి జారే క్షణంలోది. ఒక ఆర్డుయినోతో ట్రాన్సిస్టర్ ద్వారా 3వ పిన్నును నేలకు లాగించండి. సస్పెండ్ ఆదేశం ఇచ్చిన 10 మిల్లీసెకన్లకు ఒకసారి, తర్వాత 20కి, 30కి, అలా 2 సెకన్ల దాకా జరుపుతూ పోతే 200 సార్లు అవుతుంది. ఆగిపోయిన సస్పెండ్‌లు కొన్ని, వెంటనే లేచినవి కొన్ని రావాలి. ఆర్‌టీసీ దాకా పడుకున్నవి ఉంటే ఏ మిల్లీసెకన్ల దగ్గరో రాసుకోండి, సందు అక్కడుంది.

బాయికాడ ఫేజు పోయినట్టు చూడటానికి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకకండి. ప్రివెంటర్ కాంటాక్టు నుంచి వచ్చే తీగ ఒక్కటి విప్పితే చాలు. ఆ తర్వాత తీగ బిగించి, బోర్డు నిద్రలో ఉండగా మోటరును పదిసార్లు వేసి ఆపండి. 1వ పిన్ను మాస్క్‌లో ఉంది కాబట్టి ఒక్కసారి కూడా లేవకూడదు. లేస్తే కాంటాక్టర్ కొట్టిన దెబ్బకు 0వ పిన్ను తీగలోకి ఇండక్షన్ వస్తోంది. ఆ తీగను మోటరు కేబుల్‌కు దూరం జరపండి, డ్రైవర్‌ను ముట్టుకోకండి.